దొంగని గోడ చేశారు

"నెత్తికి ఉంది, మోచేతులకి ఉంది, మోకాళ్ళకి ఉంది. మెడకి మాత్రం ఏ తొడుగూ లేదు, ఓరెస్ట్. అక్కడ తగిలితే?"

లూబా సవార్యన్ ఈ మాట అన్నప్పుడు ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. కొడుకు టారస్ పైగదిలో ఆట సంచి సర్దుకుంటున్నాడు. మొగుడు ఓరెస్ట్ బీట్‌రూట్ పులుసులో రొట్టె ముంచుకుని తింటున్నాడు. బయటి చలికి వంటింటి కిటికీ అద్దం లోపలివైపు కూడా తెల్లగా గడ్డకట్టి ఉంది.

"మెడకి తగలదు," అన్నాడు ఓరెస్ట్.

"తగిలితే అంటున్నా."

"నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా ఈ ఐస్ హాకీ. ముక్కుకి తగుల్తుంది, పళ్ళకి తగుల్తుంది. మెడకి తగిలినవాణ్ణి ఒక్కణ్ణీ చూళ్ళేదు."

"పళ్ళకి తగుల్తుందని చెప్పి నాకు ధైర్యం చెప్తున్నావా?"

ఓరెస్ట్ నవ్వాడు. నవ్వినప్పుడు పైవరసలో రెండు పళ్ళ ఖాళీ కనబడింది. ఆ నవ్వు చూస్తే ఆమెకు ధైర్యం రావాల్సింది పోయి ఉన్న కాస్తా జారిపోయింది.

లూబా సంగతి లాస్ట్ క్రీక్ ఊరంతటికీ తెలుసు. పాలవాడు ఆలస్యమైతే అతని బండి గుంటలో పడిందంటుంది. ఫోను మోగితే ఎవరో పోయారనుకుని ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. కొడుకు ఆడే ఆట ఒక్కటి కూడా కళ్ళతో చూడలేదు. అలాగని ఇంట్లోనూ ఉండలేదు. ఆట ఉన్న రోజున, మంచు గడ్డ పరిచిన రింక్ బయట, చలికి బిగుసుకుపోయిన బళ్ళ మధ్య తమ ట్రక్కు ఆపుకుని, ఇంజను ఆపకుండా, ఊరి రేడియోలో వెర్న్ చెప్పే వ్యాఖ్యానం వింటూ కూర్చుంటుంది. రేకుల గోడకి అవతల కొడుకు, ఇవతల తను. లోపల జనం అరిస్తే ఆ అరుపు రేడియోలోంచి ఒకసారి, గోడలోంచి ఒకసారి వినబడేది.

ఆ ఏడాది శరదృతువులో ఊరి జూనియర్ జట్టులోకి టారస్‌ని తీసుకున్నప్పుడు ఆమె మొదట అడిగిందిదే: "గోల్స్ కొట్టే వాడేనా? వాళ్ళనే కదా అందరూ కలిసి కుమ్ముతారు."

"కాదు. ముందు వరసలోనే ఆడతాడు గానీ గోలు కొట్టడం వాడి పని కాదు. అవతలివాళ్ళని కొట్టనివ్వకపోవడం వాడి పని," అన్నాడు ఓరెస్ట్.

కాపలా పనన్నమాట, అనుకుంది లూబా. కాపలావాళ్ళు ఓ మూల నిలబడతారు కదా. ఆ వారమంతా ఆమె కంటినిండా నిద్రపోయింది.

ఆ నిద్ర చెడగొట్టింది పక్కింటి గ్వెన్. గ్వెన్ కొడుకు గోలీ, అంటే గోలు కాసేవాడు. కొట్టిన ప్రతి పక్, రాయిలాంటి ఆ రబ్బరు బిళ్ళ, ఆ పిల్లాడి మీదికే రావాలి కాబట్టి గ్వెన్‌కి భయపడే అలవాటు ఎప్పుడో పోయింది. "కాపలావాళ్ళలోనూ రకాలున్నాయి లూబా. నీవాడు ఏ రకమో కనుక్కున్నావా?" అంది, నవ్వు దాచుకోకుండా.

లూబా ఇంటికి వెళ్ళి మొగుణ్ణి కూర్చోబెట్టింది. ఓరెస్ట్ బల్ల మీద పొద్దుతిరుగుడు గింజలు కుప్పగా పోసి, నాలుగు విడిగా తీశాడు.

"ఇదిగో, వీడు నీడ. అవతలి జట్టులో గొప్పవాడు ఎవడుంటే వాణ్ణి అంటిపెట్టుకుని తిరుగుతాడు. వాడు నీళ్ళు తాగడానికి వెళ్తే వీడూ వెళ్తాడు. వాడికి పిచ్చెక్కాలి. నేను అదే ఆడేవాణ్ణి."

"అందుకే పళ్ళు పోయాయి."

"పిచ్చెక్కించాననే కదా లెక్క. ఇదిగో, వీడు దున్నపోతు. పక్ అవతలి మూలకి వెళ్ళగానే వెంటపడి, తీసుకోబోయేవాణ్ణి చెక్క గోడకేసి గుద్దుతాడు. రెండోసారి వాడు పక్ దగ్గరికి రావడానికే జంకుతాడు. ఇక వీడు దొంగ. ఎవర్నీ ముట్టుకోడు. అవతలివాడు ఎటు అందించబోతున్నాడో ముందే కనిపెట్టి ఆ దారిలో కర్ర పెడతాడు. పక్ వీడి చేతిలో ఉంటుంది, వాడికి తెలిసేలోపే."

"టారస్?"

"వాడు దొంగే. చిన్నప్పట్నుంచీ. ఎవరూ నేర్పలేదు."

లూబా గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. నాలుగో గింజ కేసి చూసింది. "మరి వీడు?"

ఓరెస్ట్ ఆ గింజని వేలితో పక్కకి పడుకోబెట్టాడు. "వీడు గోడ. అవతలివాడు బలం కొద్దీ కొట్టబోతుంటే ఎదురుగా వెళ్ళి పడుకుంటాడు. పక్ వీడికి తగిలి ఆగిపోతుంది."

"కావాలని పడుకుంటాడా?"

"కావాలనే."

"వాళ్ళమ్మ ఏమంటుంది?"

ఆ జట్టులో గోడ పేరు లైల్. ఒకసారి కిరాణా కొట్లో ఆ పిల్లాడు వంగినప్పుడు పంట్లాం పైకి జరిగితే పిక్కలు బీట్‌రూట్ రంగులో కనబడ్డాయి. లూబా తన బుట్ట అక్కడే వదిలేసి బయటికి వచ్చేసింది. దొంగకి ఇలాంటివి ఉండవు కదా అని ఇంటిదాకా తనకు తానే చెప్పుకుంది.

జనవరి చివర్లో లైల్ చీలమండ విరిగింది.

టారస్ ఆ సాయంత్రం భోజనం దగ్గర ఆ కబురు చెప్పాడు. చెప్పేటప్పుడు వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి, సంతోషం పట్టలేనప్పుడల్లా అలాగే ఉంటాయి. "మనవాడు తప్పు చేసి బయట కూర్చుంటే నలుగురమే కదా ఐదుగురిని ఆపాలి. ఆ నలుగురిలో లైల్ చోటు నాకు ఇస్తానంటున్నాడు కోచ్. రేపట్నుంచి పడుకోవడం నేర్పిస్తాడట."

ఓరెస్ట్ వాడి భుజం తట్టాడు. లూబా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఆమె ఒక పని చేసింది. లాస్ట్ క్రీక్‌లో తల్లులు కేకు చేసి పంపుతారు, చొక్కాలు కుడతారు, బస్సు ఎక్కేటప్పుడు చేతులూపుతారు. కోచ్ దగ్గరికి వెళ్ళి కొడుకు గురించి మాట మాత్రం మాట్లాడరు. ఎవరూ ఎక్కడా రాయలేదు గానీ అది తప్పు. ఆ సంగతి లూబాకీ తెలుసు. అయినా కోచ్ మర్డాక్ టైర్ల షాపుకి నడిచి వెళ్ళింది.

మర్డాక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "చెప్పండి మిసెస్ సవార్యన్. ట్రక్కు టైరేనా?"

"టైరు బాగానే ఉంది. మా వాణ్ణి పడుకోబెట్టకండి."

మర్డాక్ చాలాసేపు గుడ్డతో ఒకే వేలు తుడిచాడు. "అది జట్టు విషయమండీ."

"నాకు ఒక్కడే. మీకు ఇరవై మంది ఉన్నారు. వాడు దొంగ, వాళ్ళ నాన్నని అడగండి. దొంగని గోడ చేస్తే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు కదా. ఆడనివ్వండి, నేనేం వద్దనను. ఆ పడుకోవడం ఒక్కటే నేర్పకండి. నేర్పితే పడుకుంటాడు వాడు, చెప్పిన మాట వింటాడు."

"వాడే అడిగి మరీ తీసుకున్నాడు."

"వాడికి పదిహేడేళ్ళు. వాడేం అడుగుతాడో వాడికేం తెలుసు?"

మర్డాక్‌కి మెత్తని మనసు. ఎదుట ఆడవాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగితే కాదనలేడు. "సరే. వేరేవాళ్ళకి నేర్పిస్తాలెండి," అన్నాడు నేల చూస్తూ. లూబా అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. షాపులో పేర్చిన టైర్ల వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని మాత్రం చూసుకోలేదు. జట్టులో ఇద్దరు పిల్లలు సాయంత్రాలు అక్కడే పనిచేస్తారు.

నాలుగు రోజుల తర్వాత టారస్ ఇంటికి వచ్చి, కోటు కూడా విప్పకుండా, జేబులోంచి ఏదో తీసి భోజనాల బల్ల మీద ఆమె కంచం పక్కన పెట్టాడు. పసిపిల్లల పాలపీక. దాన్ని ఎవరో ఎర్ర రిబ్బనుతో కట్టారు.

"నా హెల్మెట్‌లో పెట్టారు. నీ పుణ్యమే," అన్నాడు.

"టారస్, నేను…"

వాడు మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు.

తిండి తిన్నాడు. ఉతికిన బట్టలు తీసుకున్నాడు. వాకిట్లో మంచు ఎత్తమంటే ఎత్తాడు. ఆమె అడిగినదానికి జవాబుగా తలూపాడు, లేదా చేతిలో వస్తువు పెట్టాడు. నోరు మాత్రం విప్పలేదు. ఆ మౌనంలో విసురు కూడా లేకపోవడంతో లూబాకి ఇంకా భయం వేసింది. ఓరెస్ట్ మధ్యలో దూరి చూశాడు.

"మీ అమ్మ ఉప్పు అడుగుతోందిరా."

టారస్ ఉప్పు జరిపాడు.

"ఇదిగో అమ్మా అనలేవూ?"

టారస్ మిరియాల డబ్బా కూడా జరిపాడు.

"పోనీలే," అంది లూబా. "ఒళ్ళు బాగుంది కదా. మాట్లాడకపోతే పోయె." ఆ మాట అంటూనే పొయ్యి వైపు తిరిగింది. తిరిగాక చాలాసేపు ఇటు తిరగలేదు.

మార్చిలో పక్క ఊరి జట్టుతో ఆఖరి పోటీలు మొదలయ్యాయి. గెలిచినవాళ్ళు ముందుకు, ఓడినవాళ్ళు ఇంటికి అన్న ఆట లాస్ట్ క్రీక్‌లోనే పడింది. ఊళ్ళో కొట్లు పెందలాడే మూసేశారు. లూబా ఎప్పటిలాగే ట్రక్కులో కూర్చుంది. వేడి గాలి కాళ్ళకి తగులుతున్నా చేతులు చల్లగానే ఉన్నాయి.

వెర్న్ గొంతు పరుగులు పెడుతోంది. ఆఖరి భాగం. లాస్ట్ క్రీక్ ఒక్క గోలు ఆధిక్యంలో ఉంది. ఈలోగా ఈల. లాస్ట్ క్రీక్ వాడొకడు అవతలివాడి కాళ్ళకి కర్ర అడ్డుపెట్టాడని బయటికి పంపారు. లైల్ బదులు పడుకోవడం నేర్చుకున్న కుర్రాడే వాడు.

"ఇప్పుడు ఎవర్ని దింపుతాడో మర్డాక్," అన్నాడు వెర్న్. "బెంచీ చివరిదాకా చూస్తున్నాడు… ఎవరో లేచి నిలబడ్డారండీ. చొక్కా నంబరు ఇరవై మూడు. సవార్యన్ కుర్రాడు. అడక్కుండానే లేచాడు. మర్డాక్ ఏదో అంటున్నాడు… తలూపాడు. దిగాడు సవార్యన్."

"వద్దు," అంది లూబా రేడియోతో.

వెర్న్ వినలేదు. "నలుగురు, ఐదుగురికి ఎదురుగా. పక్ అవతలివాళ్ళ దగ్గరే ఉంది. వెనక్కి ఇచ్చారు, పెద్దోడు కొట్టబోతున్నాడు… సవార్యన్ పడ్డాడు. ఆపాడు. పిక్కకి తగిలింది. లేచాడు, కుంటుతున్నాడు గానీ లేచాడు."

రేకుల గోడ దడదడలాడింది. జనం వాడి పేరు అరుస్తున్నారు. లూబా రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది. చాలు, ఒకటి ఆపాడు, పేరు వచ్చింది, ఇక బెంచీకి రమ్మనండి, అంది. ఎవరితో అంటోందో ఆమెకే తెలియదు.

"మళ్ళీ వాళ్ళకే చిక్కింది. మళ్ళీ పెద్దోడికే. చెయ్యెత్తాడు. సవార్యన్ ముందుకొస్తున్నాడు, కర్ర చాచాడు, అందలేదు, ఇప్పుడు పడు…"

వెర్న్ ఆగిపోయాడు.

రేడియోలో బుసమన్న శబ్దం తప్ప ఏమీ లేదు. లూబా మీట తిప్పి చూసింది. రేడియో పనిచేస్తూనే ఉంది. అద్దం కిందికి దించింది. గడ్డకట్టే గాలి మొహాన కొట్టింది. రేకుల గోడలోంచి కూడా ఏమీ వినబడలేదు. వెయ్యిమంది ఉన్న చోటు, ఒక్క దగ్గూ లేదు.

ఆమె ట్రక్కు తలుపు వెయ్యకుండానే దిగింది.

లోపల జనమంతా లేచి నిలబడి ఉన్నారు. మగవాళ్ళు టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. ఆ టోపీలు చూసి లూబా ఇంకా వేగంగా నడిచింది. ఆమె వస్తుంటే జనం ఒకరి తర్వాత ఒకరు పక్కకి తప్పుకున్నారు, ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు. గాజు గోడ దగ్గర గ్వెన్ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఆగు లూబా. ఓరెస్ట్ వెళ్ళాడు. మనం వెళ్ళకూడదు."

"వదులు."

"పిల్లాడికి సిగ్గుగా ఉంటుంది…"

"సిగ్గుపడితే బతికున్నట్టే కదా," అంది లూబా. చెయ్యి విడిపించుకుని గేటు తోసుకుని మంచు గడ్డ మీదికి దిగింది. ఊలు బూట్లు జారాయి. అవతలి జట్టు కుర్రాడొకడు, ఇంకా మీసమైనా రానివాడు, ఆమె మోచేతి కింద చెయ్యి వేసి నడిపించాడు. ఆ కుర్రాడు ఏడుస్తున్నాడు. "కావాలని కొట్టలేదండీ. కావాలని కాదండీ," అంటున్నాడు. వెర్న్ చెప్పిన పెద్దోడు అతనే.

టారస్ వెల్లకిలా ఉన్నాడు. రెండు చేతులూ గొంతు మీద. రక్తం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, పైన దీపాల కేసి చూస్తున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా, సన్నటి సందులోంచి గాలి దూరినట్టు, కీచుమని చప్పుడు. జట్టు వైద్యుడు వాడి మీద వంగి, "మాట్లాడకు. ముక్కుతో నెమ్మదిగా తియ్యి. నెమ్మదిగా," అంటున్నాడు. ఓరెస్ట్ కొడుకు పాదాలు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఎన్నో ఏళ్ళుగా ఈ మెడ గురించి లూబా అనని మాట లేదు. ఇప్పుడు వాడి పక్కన మంచు మీద కూర్చుంది. వాడి చెంప మీద చెయ్యి వేసింది. వాడి కళ్ళు ఆమె వైపు తిరిగాయి, మళ్ళీ దీపాల వైపు వెళ్ళిపోయాయి.

వాణ్ణి మోసుకుపోతుంటే రెండు జట్లవాళ్ళూ కర్రలతో మంచు మీద టకటకా కొట్టారు. అది గౌరవమని ఆమెకు తెలుసు. అయినా ఆ చప్పుడుకి చెవులు మూసుకుంది.

నగరంలోని ఆసుపత్రిలో వాడి నోట్లోంచి గొంతులోకి గొట్టం వేశారు. గొంతు లోపలి మెత్తటి ఎముక నలిగిందట, వాపు తగ్గేదాకా గొట్టంతోనే ఊపిరి అట. లూబా కుర్చీలోంచి లేవలేదు. వాడి ఛాతీ లేవడం, దిగడం చూస్తూ కూర్చుంది. అది కాస్త ఆలస్యమైనట్టనిపిస్తే నర్సుని పిలిచేది. నర్సు మొదట్లో పరుగున వచ్చేది, తర్వాత నడిచి వచ్చేది.

గ్వెన్ చూడ్డానికి వచ్చింది. ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది. వరండాలో కూర్చున్నాక లూబా అడిగింది, "నీ కొడుకు వెనకాల గోల్లోంచి అంతా చూశాడు కదా. ఏం జరిగిందన్నాడు?"

"ఇప్పుడెందుకులే."

"చెప్పు గ్వెన్."

గ్వెన్ మూత తిప్పుతూ నెమ్మదిగా చెప్పింది. "వీడు దొంగాట ఆడబోయాడట. ముందు కర్ర చాచాడు, పక్ లాగేద్దామని. అందకపోయేసరికి అప్పుడు పడ్డాడు. ఆలస్యమైంది, తల ముందుకొచ్చింది. లైల్ అయితే ముందే, కాళ్ళు ముందు పెట్టి, మొహం అటు తిప్పి పడతాడు. అది రోజూ పడి పడి అలవాటైతేనే వస్తుందట. వాళ్ళకి రోజూ నేర్పిస్తారుగా…"

అక్కడ గ్వెన్ ఆగింది. ఆగడం ఆలస్యమైందని ఆమె మొహమే చెప్పింది.

"వీడికి నేర్పలేదు," అంది లూబా.

"లూబా…"

"నేర్పొద్దన్నది నేనే. నేర్పకపోతే పడుకోడనుకున్నా."

గ్వెన్ కాఫీ పోసి ఆమె చేతిలో పెట్టింది. ఇద్దరూ తాగలేదు.

గొట్టం తీశారు. ఊపిరి సొంతంగా ఆడింది. కొన్నాళ్ళు నోరు మెదపకూడదన్నారు. ఆ తర్వాత ఒక ఉదయం డాక్టరు వచ్చి టారస్ గొంతు లోపల దీపం వేసి చూశాడు.

"ఇవాళ మాట్లాడి చూడు బాబూ. నీ పేరు చెప్పు."

టారస్ తల అడ్డంగా ఊపాడు.

"నొప్పా?"

టారస్ కిటికీ వైపు తిరిగాడు.

డాక్టరు వాళ్ళిద్దర్నీ వరండాలోకి పిలిచాడు. "దారి తెరుచుకుంది. గొంతు పలుకుతుందా లేదా అన్నది వాడు ప్రయత్నిస్తేగాని తెలీదు. ఇలాంటి దెబ్బల్లో కొందరికి వస్తుంది. కొందరికి గాలి మాత్రమే వస్తుంది."

"గాలి అంటే?" అంది లూబా.

"గుసగుస లాగా. ఎప్పటికీ అంతే."

ఓరెస్ట్ లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు. "ఒరే, ఏదో ఒకటి అనరా. తిట్టు. నన్ను తిట్టు. పక్ చూసుకోవడం రాని ముసలాడా అను." టారస్ పెదవుల చివర్లు కొద్దిగా కదిలాయి, అంతే. కాసేపటికి ఓరెస్ట్ లేచి, ట్రక్కు ఇంజను గడ్డకట్టి ఉంటుందని గొణుక్కుంటూ కిందికి వెళ్ళాడు. కళ్ళు తుడుచుకోవడానికి వెళ్ళాడని ఇద్దరికీ తెలిసింది.

గదిలో తల్లీ కొడుకూ మిగిలారు.

లూబా వాడి వీపు కేసి చూసింది. ఈ మౌనం ఏ మౌనమో ఆమెకి అంతు చిక్కలేదు. గొంతు లేక మాట్లాడటం లేదా? తనతో మాట్లాడకూడదని మాట్లాడటం లేదా? ఇంట్లో వంటింట్లో నిలబడి, వీడి కోపం పోతే చాలు అని ఎన్నిసార్లు మొక్కుకుందో. ఇప్పుడు అదే మనసు తిరగబడి మొక్కింది. కోపమే అయి ఉండాలి. నా మీద కోపం అలాగే ఉండాలి. జన్మంతా ఉన్నా సరే, గొంతు ఉండి కోపం ఉండాలి.

అడగడానికి భయం వేసింది. అడిగితే తెలిసిపోతుంది. తెలియకపోతే ఇంకా ఆశ ఉంటుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది, మళ్ళీ వెనక్కి జరుపుకుంది. నీళ్ళ గ్లాసు నింపింది. నిండుగా కప్పే ఉన్న దుప్పటి మళ్ళీ సర్దింది.

"టారస్."

వాడు ఇటు తిరిగాడు. మెడ మీద పసుపు, నీలం కలిసిన మచ్చ.

"ఇంకా నా మీద కోపంగానే ఉందా?"

వాడు ఆమెనే చూశాడు. వేడి నీళ్ళ గొట్టాలు గోడలో టిక్కుటిక్కుమంటున్నాయి. కింద రోడ్డు మీద మంచు తోసే బండి వెళ్ళింది, దాని చప్పుడు దగ్గరై, దూరమై, ఆగిపోయింది. వాడి కనుబొమ్మలు ముడిపడ్డాయి. గొంతు ఒకసారి పైకి కదిలి నిలిచిపోయింది. లూబా తన ఊపిరి తాను బిగబట్టింది. వాడు కళ్ళు మూసుకుని, నొప్పికి మంచం పట్టీ గట్టిగా పట్టుకుని, నోరు తెరిచాడు. మొదట గాలే వచ్చింది. ఆ తర్వాత, తుప్పు పట్టిన గడియ తీసినట్టు గరగరలాడుతూ, వాడి గొంతు వచ్చింది.

"ఉంది," అన్నాడు టారస్.